గర్భిణులకు ఫోన్ సందేశాలు: పరిశోధన ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. పేద దేశాల గ్రామీణ ప్రాంతాల్లో గర్భిణులకు వైద్య పరీక్షల తేదీలను, ఆ తర్వాత బిడ్డ టీకాల తేదీలను గుర్తుచేసే యాప్ ఒకటి తయారుచేసి, దాన్ని ఆరు నెలలు నడిపి, ఫలితం ఉందని రుజువు చేయాలన్నది మీ పరిశోధన ప్రణాళిక. అందుకు ఏ సాంకేతికతను ఎంచుకోవాలి, దేన్ని కొలవాలి, తర్వాత పెద్ద ఎత్తున ఎలా విస్తరించాలి అని అడిగారు. 18 ఏళ్లుగా ఇదే రంగంలో, ఎక్కువ కాలం క్షేత్రంలోనే పనిచేస్తున్నాను కాబట్టి కొంత వివరంగా రాస్తాను. మీరు అడిగిన వాటిలో మొదటిది అన్నిటికన్నా తేలికైన ప్రశ్న; దాన్ని చివర్లో చూద్దాం. మీరు అడగని ప్రశ్న ఒకటి ఉంది, ముందు దాని గురించి మాట్లాడాలి. సందేశం అందుకున్న మనిషి తిరిగి ఏదైనా చెబితే, వినేదెవరు?

ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో కెన్యాలో జరిగిన వెల్‌టెల్ ట్రయల్ చూస్తే తెలుస్తుంది. రిచర్డ్ లెస్టర్, ఆయన సహచరులు హెచ్‌ఐవీ మందులు అప్పుడే మొదలుపెడుతున్న 538 మందిని 2007, 2008 సంవత్సరాల్లో మూడు క్లినిక్‌ల నుంచి చేర్చుకుని, లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు మామూలు వైద్యం అందింది. రెండో జట్టుకు దానితోపాటు వారానికొకసారి క్లినిక్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ వెళ్లేది. అందులో ఉండేది 'మాంబో' అన్న ఒక్క పలకరింపు. స్వాహిలీలో 'ఎలా ఉన్నారు' అని అడగడం. 48 గంటల్లోగా 'సావా', అంటే బాగానే ఉన్నాను అనో, 'షిదా', అంటే ఇబ్బందిగా ఉంది అనో జవాబు పంపాలి. షిదా అన్నవాళ్లకూ, అసలు జవాబే ఇవ్వనివాళ్లకూ క్లినిక్ సిబ్బంది స్వయంగా ఫోన్ చేసేవారు. 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం, మందులు సక్రమంగా వేసుకున్నామని చెప్పినవారు ఎస్సెమ్మెస్ జట్టులో 62 శాతం, మామూలు జట్టులో 50 శాతం. రక్తంలో వైరస్ అదుపులోకి వచ్చినవారు 57 శాతం, 48 శాతం.

విద్యార్థులకు ఈ ట్రయల్ గురించి చెప్పేటప్పుడు అంకెల కన్నా ముందు ఆ ఒక్క మాట దగ్గర ఆగుతాను. అందులో మందు ఊసు లేదు, జబ్బు పేరు లేదు. ఫోన్ ఇంట్లో ఎవరి చేతిలో పడినా రోగి రహస్యం రోగి దగ్గరే ఉంటుంది. 'వేసుకున్నావా, లేదా' అని నిలదీసినట్టు ఉండదు. అన్నిటికీ మించి, జవాబు రాకపోతే ఆ మౌనాన్ని కూడా పట్టించుకుని ఆరా తీసే మనుషులు అవతల ఉన్నారు.

దీని పక్కన హెచ్‌ఐవీ మందుల మీదే జరిగిన మరో రెండు అధ్యయనాలను పెట్టి చూడండి. కెన్యాలోనే జరిగి 2011లో వెలువడిన ఇంకొక ట్రయల్‌లో గుర్తుచేసే సందేశాలను కొందరికి రోజూ, కొందరికి వారానికొకసారి పంపారు. వారానికొకసారి అందుకున్నవారిలో 53 శాతం మంది 90 శాతానికి తగ్గకుండా మందులు వేసుకోగా, సందేశాలు లేనివారిలో అది 40 శాతమే. రోజూ అందుకున్నవారిలో మాత్రం చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించలేదు. రోజూ మోగే ఫోన్‌ను మనిషి కొన్నాళ్లకు వినడం మానేస్తాడు. ఇక కామెరూన్ రాజధాని యావుండేలో 200 మందితో జరిపిన ట్రయల్‌లో ప్రోత్సాహకరమైన సందేశాలను వారం వారం పంపారు. అవసరమైతే ఫోన్ చేయడానికి నంబరు కూడా ఇచ్చారు. 2012లో వచ్చిన ఫలితాల్లో రెండు జట్ల మధ్య తేడా తేలలేదు. మూడు చోట్ల రోగులు వేరు, క్లినిక్‌లు వేరు, కొలిచిన తీరు వేరు కాబట్టి ఫలానా దాని వల్లే ఈ తేడా వచ్చిందని ఖాయంగా తేల్చడం కుదరదు. అయినా నా అనుభవం మేరకు ఒక మాట చెబుతాను. కష్టం వచ్చినప్పుడు మీరే ఫోన్ చేయండి అనడానికీ, మీ దగ్గర నుంచి కబురు రాకపోతే మేమే చేస్తాం అనడానికీ చాలా దూరం ఉంది. నిజంగా ఇబ్బందుల్లో ఉన్న మనిషి తనంతట తాను ఫోన్ చేయడం అరుదు.

ఆరోగ్య కార్యకర్తల విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. టాంజానియాలోని దారెస్సలామ్‌లో బ్రయాన్ డిరెంజి, ఆయన సహచరులు సామాజిక ఆరోగ్య కార్యకర్తలకు ఇంటి సందర్శనల తేదీలను ఎస్సెమ్మెస్ ద్వారా గుర్తుచేసే ఏర్పాటును పరీక్షించారు. వెళ్లాల్సిన రోజు దాటిపోయాక సగటున 9.7 రోజులు ఆలస్యమయ్యే సందర్శనలు 1.4 రోజులకు తగ్గాయి. ఇంతవరకే చదివి, కార్యకర్తల మతిమరుపునకు ఎస్సెమ్మెస్ మందు అనుకునేవారు చాలామంది. కానీ ఆ ఏర్పాటులో ఇంకొక మెట్టు ఉంది: కొన్నిసార్లు గుర్తుచేసినా సందర్శన జరగకపోతే సమాచారం సూపర్‌వైజర్‌కు వెళ్లేది. సూపర్‌వైజర్‌కు సమాచారం వెళ్లే ఏర్పాటు ఉన్నప్పుడు కార్యకర్తల పని అది లేనప్పటికంటే స్పష్టంగా మెరుగ్గా ఉందని వాళ్లే పరీక్షించి చూపారు. తన పనిని గమనించే మనిషి పైన ఒకరు ఉన్నారన్న సంగతిని కూడా ఆ ఎస్సెమ్మెస్ మోసుకెళ్లిందని నేను అర్థం చేసుకున్నాను.

ఇక్కడ నా సొంత పొరపాటు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక ప్రాజెక్టులో కార్యకర్తలు ఇంటింటికీ తిరుగుతూ ఫోన్‌లో ఫారం నింపాలి. సర్వర్‌కు చేరిన వివరాలు చూస్తుంటే ఒకామె పంపిన ఫారాలన్నీ రాత్రి తొమ్మిది, పది గంటల మధ్యే, రెండేసి నిమిషాల తేడాతో నమోదయ్యాయి. ఇళ్లకు వెళ్లకుండానే ఇంట్లో కూర్చుని కల్పించి రాస్తున్నదని అనుమానించి, చెప్పకుండా ఒక రోజు ఆమె వెంట వెళ్లాను. ఆ రోజు ఆమె పదకొండు ఇళ్లకు తిరిగింది. ప్రతి ఇంట్లోనూ కూర్చుంది, అడగాల్సినవన్నీ అడిగింది, మడత పడిన చిన్న నోటుబుక్కులో పెన్సిల్‌తో రాసుకుంది, ఫోన్ మాత్రం సంచిలోంచి తీయలేదు. ఆరో ఇంట్లో నెల కిందట పుట్టిన బిడ్డ పోయింది. ఆ తల్లి మాట్లాడుతున్నంతసేపూ ఆమె రాయడం కూడా ఆపేసి, తల్లి చేతిని తన చేతిలో పట్టుకుని విన్నది. బయటికొచ్చాక ఫారం గురించి అడిగితే, "అలాంటి తల్లి ముందు ఫోన్ చూసుకుంటూ ఎలా కూర్చోను?" అంది. బిడ్డ మరణం నమోదు చేసే ఆ ఫారంలో పదిహేడు ప్రశ్నలు ఉన్నాయి. వాటిని రాసింది నేనే. మొదటి ప్రశ్నకు జవాబు ఇవ్వనిదే రెండోది తెరుచుకోదు. ఆమె చేస్తున్న పని సరైనది, నేను తయారుచేసిన ఫారమే ఆ పనికి అడ్డు. తర్వాత ఆ ఫారాన్ని ఇంటి దగ్గర నింపాల్సిన మూడు ప్రశ్నలకు కుదించి, మిగతావి ఎప్పుడైనా పూర్తిచేసే వీలు కల్పించాం. సర్వర్‌లో నమోదైన సమయాలను నమ్మి ఆమె మీద ఫిర్యాదు రాసి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే మీ యాప్‌ను ఆరోగ్య కార్యకర్తలు కూడా వాడాల్సి ఉంటే, వాళ్లు ఇప్పటికే రాస్తున్న కాగితపు రిజిస్టర్లు ఎన్నో ముందు లెక్కపెట్టండి. ఫోన్ వచ్చాక అందులో ఒక్క రిజిస్టరైనా తగ్గుతుందా అని వాళ్ల పై అధికారులను అడగండి. తగ్గదని సమాధానం వస్తే, మీరు వాళ్ల భుజాల మీద కొత్త బరువు పెడుతున్నట్టే.

ఇప్పుడు గర్భిణి వైపు వద్దాం. ఫోన్ ఎవరిది అన్న ప్రశ్నను సర్వేల్లో 'మీ ఇంట్లో ఫోన్ ఉందా' అని అడిగి వదిలేస్తారు. ఇంట్లో ఫోన్ ఉండటం, అది ఆమె చేతికి అందడం ఒకటి కావు. ఒక గ్రామంలో మేము చూసిన ఇంట్లో ఫోన్‌ను దూలానికి వేలాడదీసిన గుడ్డసంచిలో ఉంచేవారు, ఎందుకంటే సిగ్నల్ అందేది ఆ ఎత్తులోనే. ఆ సిమ్ మామగారి పేరు మీద ఉంది. కోడలికి చదువు రాదు. మేము పంపిన మెసేజ్ రాగానే బడి నుంచి వచ్చిన పదేళ్ల మరిది స్టూలెక్కి ఫోన్ తీసి, ఇంటిల్లిపాదీ వింటుండగా బిగ్గరగా చదివాడు. అది కాన్పు తర్వాత రక్తస్రావం గురించిన సందేశం. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. మా సర్వర్ మాత్రం ఆ సందేశం చేరినట్టు నమోదు చేసింది.

ఇలాంటి తేడాలు పెద్ద అధ్యయనాల్లోనూ బయటపడ్డాయి. టాంజానియాకు చెందిన జాంజిబార్ దీవుల్లో 24 ఆరోగ్య కేంద్రాల పరిధిలో 2,550 మంది గర్భిణులతో జరిపి 2012లో ప్రచురించిన ట్రయల్‌లో, ఫోన్ సహాయం అందినవారిలో 60 శాతం మందికి, అందనివారిలో 47 శాతం మందికి నిపుణుల చేతుల మీదుగా కాన్పు జరిగింది. మొత్తంగా మంచి ఫలితమే. విడదీసి చూస్తే ఆ లాభం పట్టణ స్త్రీలకే దక్కింది, గ్రామీణ స్త్రీలలో కనిపించలేదు. భారత ప్రభుత్వం 2016 నుంచి నడుపుతున్న కిల్కారీ కార్యక్రమంలో గర్భిణుల, బాలింతల కుటుంబాలకు వారం వారం రికార్డు చేసిన ఫోన్ కాల్స్ వెళతాయి. చదువు అక్కర్లేని మంచి ఆలోచన. దాని మీద మధ్యప్రదేశ్‌లో జరిగిన ట్రయల్‌లో, మొదటి నెలల్లో బిడ్డకు తల్లిపాలు మాత్రమే పట్టడంలో తేడా తేలలేదు, ఆధునిక గర్భనిరోధక పద్ధతుల వాడకం మాత్రం కొంత పెరిగింది. నాకు ఇది ఆశ్చర్యం కలిగించలేదు. గర్భనిరోధకం భార్యాభర్తలు కలిసి తీసుకునే నిర్ణయం. ఫోన్ ఎత్తేది తరచూ భర్తే కాబట్టి, ఆయన విన్నదానికి అక్కడ విలువ ఉంటుందని నా ఊహ. దీన్నిబట్టి మీకు చెప్పేదేమిటంటే, సందేశాన్ని ఎవరు వింటారో తెలిశాకే అందులో ఏం రాయాలో నిర్ణయించండి. భర్తే వింటాడని తెలిస్తే ఆయనతో నేరుగా మాట్లాడే సందేశం రాయడంలో తప్పులేదు.

కొలతల విషయం. మీ ప్రణాళికలో నన్ను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది ఆ ఆరు నెలల గడువు. పన్నెండో వారంలో ఒక గర్భిణిని చేర్చుకున్నారనుకోండి. కాన్పు దాదాపు 28 వారాల తర్వాత జరుగుతుంది. అప్పటికే మీ ఆరు నెలలు దాటిపోతాయి. బిడ్డ టీకాల దాకా చూడాలంటే ఇంకో ఏడాది కావాలి. ఆరు నెలలే చేతిలో ఉంటే టీకాలను వదిలేసి, గర్భిణి పరీక్షలకు రావడం ఒక్కదాన్నే కొలవండి. 2016 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భకాలంలో కనీసం ఎనిమిది సార్లు వైద్య సిబ్బందిని కలవాలంటోంది, అంతకుముందు నాలుగు అనేది. మీరు పనిచేసే చోట ప్రభుత్వం ఏది పాటిస్తోందో తెలుసుకుని దాన్నే ప్రమాణంగా తీసుకోండి. పంపిన సందేశాల సంఖ్యనూ, యాప్ దించుకున్నవారి సంఖ్యనూ ఫలితాలుగా చూపకండి. అవి మీ పనికి లెక్కలు, గర్భిణికి జరిగిన మేలుకు కావు. జాంబియాలో శిశువుల హెచ్‌ఐవీ పరీక్ష ఫలితాలను ఎస్సెమ్మెస్‌తో ఆరోగ్య కేంద్రాలకు చేర్చిన ప్రాజెక్టు ఎంచుకున్న కొలత నాకు చాలా నచ్చుతుంది. ఫలితం కేంద్రానికి చేరడానికి పట్టే సమయం సగటున 44.2 రోజుల నుంచి 26.7 రోజులకు తగ్గిందని వాళ్లు చూపారు. రెండున్నర వారాలు ముందే తెలిస్తే ఆ బిడ్డకు మందు అంత ముందే మొదలవుతుంది.

జట్లను విడదీసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఒకే ఊళ్లో సగం మందికి సందేశాలు పంపి, సగం మందికి మానేస్తే, వాళ్లు బావి దగ్గరో, క్లినిక్ వరుసలోనో కలిసి మాట్లాడుకుంటారు. రెండు జట్ల మధ్య గీత చెరిగిపోతుంది. అందుకే ఊళ్లనో, ఆరోగ్య కేంద్రాలనో లాటరీ వేయాలి. అలా చేసినప్పుడు సాంపుల్ పెరుగుతుందని చాలామంది మరిచిపోతారు. ఒక్కో కేంద్రం నుంచి 50 మందిని తీసుకుంటే, ఒకే కేంద్రంలోని వారి మధ్య పోలికను చెప్పే గుణకం 0.02 అంత చిన్నదైనా, మామూలు లెక్కలో వచ్చిన సంఖ్యను ఒకటికి 49 ఇంటూ 0.02 కలిపి, అంటే 1.98తో హెచ్చించాలి. సాంపుల్ దాదాపు రెట్టింపవుతుంది. డబ్బు చాలకపోతే కేంద్రాల సంఖ్య తగ్గించకండి, ఒక్కో కేంద్రం నుంచి తీసుకునే మనుషుల సంఖ్య తగ్గించండి. ఇక ఇలాంటి మొబైల్ ఆరోగ్య అధ్యయనాల నివేదిక రాసేటప్పుడు ఏమేం చెప్పాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 2016లో 16 అంశాలతో రూపొందించిన ఎమ్ఇఆర్ఏ పట్టికను ఇప్పుడే చదివిపెట్టుకోండి, అధ్యయనం అయ్యాక కాదు.

విస్తరణ గురించి అడిగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో జరిపి 2011లో ప్రచురించిన సర్వేకు జవాబిచ్చిన 112 దేశాల్లో 83 శాతం తమ దగ్గర కనీసం ఒక మొబైల్ ఆరోగ్య కార్యక్రమం ఉందన్నాయి. వాటిలో ఎక్కువ భాగం చిన్న పైలట్లు, అంటే ప్రయోగాత్మక ప్రాజెక్టులు. ఒకదానితో ఒకటి పొసగని ఇలాంటి పైలట్లు పెరిగిపోవడంతో ఉగాండా ఆరోగ్య శాఖ 2012లో కొత్త ప్రాజెక్టులను నిలిపివేసి, అనుమతి తీసుకున్నాకే రావాలని ఆదేశించింది. పరిశోధకులు అప్పట్లో నొచ్చుకున్నారు గానీ ఆ నిర్ణయం సరైనదని నా అభిప్రాయం. నిధులు అయిపోయిన రోజు ఆగిపోయే సేవను నమ్ముకుని గర్భిణి పరీక్షల తేదీలు మరిచిపోతే ఆ తప్పు ఆమెది కాదు. దీనికి భిన్నంగా దక్షిణాఫ్రికాలో 2014 ఆగస్టులో మొదలైన మామ్‌కనెక్ట్‌ను మొదటి నుంచీ ఆరోగ్య శాఖే తన సొంతం చేసుకుంది. క్లినిక్‌కు మొదటిసారి వచ్చినప్పుడే మామూలు ఫోన్‌లో యూఎస్‌ఎస్‌డీ కోడ్ (ఇంటర్నెట్ అక్కర్లేకుండా *, # గుర్తులతో నొక్కే నంబరు) ద్వారా గర్భిణి పేరు నమోదవుతుంది. సందేశాలకు ఆమె పైసా కట్టక్కర్లేదు. ప్రశ్న అడగడానికీ, క్లినిక్‌లో తనకు జరిగినదాని మీద ఫిర్యాదు చేయడానికీ ఒక సహాయ కేంద్రం ఉంది. దేశమంతటికీ విస్తరించిన సేవలోనూ అవతల వినే మనిషిని వదిలిపెట్టలేదని గమనించండి.

ఇక సాంకేతికత. మీ అవసరానికి కొత్తగా రాయాల్సింది చాలా తక్కువ, సిద్ధంగా ఉన్న సాఫ్ట్‌వేర్లే సరిపోతాయి. వివరాలు సేకరించడానికి వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఓపెన్ డేటా కిట్, కార్యకర్తల పనికి కామ్‌కేర్, జిల్లా స్థాయి లెక్కలకు ఓస్లో విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన డీహెచ్‌ఐఎస్2 ఉన్నాయి. సిగ్నల్ లేనప్పుడు ఫోన్‌లోనే దాచుకుని, దొరికినప్పుడు పంపే వీలు తప్పనిసరి. చదువురాని వారికి మాట్లాడే సందేశమే దారి. స్మార్ట్‌ఫోన్ అవసరమయ్యే యాప్‌ను గర్భిణుల కోసం మొదటి ఎంపికగా నేను సిఫారసు చేయను.

అయితే సాధనమే ప్రాణం కాపాడే సందర్భాలు ఉన్నాయి, వాటిని తక్కువ చేయకూడదు. కామెరూన్‌లో లోవా లోవా అనే పురుగు రక్తంలో మరీ ఎక్కువగా ఉన్నవారికి, వేరే పురుగుల వల్ల వచ్చే నదీ అంధత్వం అనే జబ్బుకు ఊరందరికీ పంచే ఐవర్‌మెక్టిన్ మందు ఇస్తే ప్రాణాపాయం. ఫోన్‌కు అమర్చిన సూక్ష్మదర్శినితో రక్తపు చుక్కను వీడియో తీసి, కదిలే పురుగులను అప్పటికప్పుడే లెక్కించే పరికరంతో 16 వేలకు పైగా ప్రజలను ఊళ్లలోనే పరీక్షించారు. పురుగులు ఎక్కువగా ఉన్న 340 మందిని పక్కనపెట్టి మిగతా అర్హులకు మందు ఇచ్చారు. 2017లో వచ్చిన నివేదిక ప్రకారం ఒక్కరికీ తీవ్రమైన హాని జరగలేదు. అక్కడ సమస్య ఒక కొలత, ఆ కొలతను ఫోన్ తీసింది. మీ సమస్య అలాంటిది కాదు. పరీక్షకు రాని గర్భిణికి తేదీ గుర్తులేకనా, బండి ఖర్చుకు డబ్బు లేకనా, పోయినసారి నర్సు కసురుకున్నందుకా, ఇంట్లో పంపకనా? మొదటి కారణానికి తప్ప మిగతా వాటికి గుర్తుచేసే సందేశం జవాబు కాదు.

కాబట్టి నా సలహా ఇది. మీ సంస్థలో పరిశోధనల మంచిచెడ్డలు చూసే నీతి సంఘం అనుమతి తీసుకుని, యాప్ రాయకముందే నాలుగు వారాలు కేటాయించండి. ఒప్పుకున్న ఇరవై మంది గర్భిణులకు, వాళ్లు చెప్పిన సమయంలో, స్థానిక భాష వచ్చిన ఒక నర్సుతో కలిసి మీ సొంత ఫోన్ నుంచి వారానికొకసారి పలకరించండి. ఫోన్ ఎత్తిందెవరు, వెనక ఎవరి గొంతులు వినిపించాయి, ఆమె ఏం అడిగింది, దానికి మీ దగ్గర జవాబు ఉందా, జవాబు ఇవ్వగలిగేది ఎవరు, వాళ్లు ఎన్ని గంటల్లో ఇచ్చారు అన్నవి ఒక నోటుబుక్కులో రాయండి. పరీక్షకు రానివారి ఇంటికి నర్సుతో పాటు వెళ్లి కారణం అడగండి. ఆ నోటుబుక్కులోని వివరాలతో మళ్లీ ఇక్కడ రాయండి. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు మాత్రం తీసేయండి. సాంపుల్ లెక్క అప్పుడు కలిసి వేద్దాం.